ఇరవై ఆరు రంగుల జర్మనీ లీగు

మంగళవారం సాయంత్రం ఫోను మోగితే నాకు పండగలా ఉండేది. జర్మనీ నుంచి మనవరాలు చేసేది. అక్కడ తనకి బడి అయిపోయి, వాళ్ళమ్మ ఇంకా ఆస్పత్రి డ్యూటీలో ఉండే వేళ. ఇక్కడ మంగళగిరిలో నేను దోసెల పెనం పొయ్యి మీద పెట్టే వేళ. ఫోనుని ఉప్పు డబ్బాకి ఆనించి, పిండి తిప్పుతూ మాట్లాడేదాన్ని. మొదటి మూడు నెలలూ వారం తప్పకుండా చేసింది. ఈ పిల్లకి నేనంటే ఎంత ప్రాణమో అని మురిసిపోయాను. పక్కింటివాళ్ళకి కూడా చెప్పుకున్నాను.

ఆ ఫోన్లు ఎందుకు వస్తున్నాయో తర్వాత తెలిసింది. ఆ సంగతే మీ ఇద్దరి కోసం రాస్తున్నాను. ఒకరిని నువ్వు అని రాస్తే రెండోవారు అలుగుతారు కాబట్టి మనవడు, మనవరాలు అనే రాస్తాను. మీ పోట్లాటలు మీకు గుర్తుండవు. నాకు మాత్రం ప్రతి మాటా గుర్తే.

మనవడు నా కొడుకు కొడుకు. కొడుక్కి బ్యాంకు ఉద్యోగంలో కాలికట్‌కి బదిలీ అయింది. ఆ ఊళ్ళో గోడ మీదా, ఆటో వెనకా, టీ కొట్టు మీదా ఎక్కడ చూసినా ఫుట్‌బాలేనట. వీడికీ ఆ పిచ్చి పట్టింది. మనవరాలు నా కూతురి కూతురు. కూతురు నర్సు, జర్మన్ భాష నేర్చుకుని రెండేళ్ళ కిందట పిల్లని తీసుకుని అక్కడికి వెళ్ళింది. ప్రతి ఆదివారం ముగ్గురం కలిసి వీడియోలో మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవడమంటే, వాళ్ళిద్దరూ పోట్లాడుకుంటారు, నేను వింటాను.

ఆ మూడు నెలలూ అయ్యాక ఒక ఆదివారం మనవడు మొదలుపెట్టాడు.

"నాయనమ్మా, నువ్వే చెప్పు. అన్నిట్లోకీ గట్టి లీగు ఇంగ్లాండుదా కాదా?"

"ముందు లీగంటే ఏంటో చెప్పరా నాన్నా."

"ఒక దేశంలో ఉన్న పెద్ద క్లబ్బులన్నీ ఏడాది పొడుగునా ఒకదానితో ఒకటి ఆడతాయి. సొంతూళ్ళో ఒకసారి, అవతలివాళ్ళ ఊళ్ళో ఒకసారి. గెలిస్తే మూడు పాయింట్లు. అట్టడుగున ఉన్నవాళ్ళు కింది లీగుకి దిగిపోతారు."

"అయ్యో. మళ్ళీ ఎక్కరా?"

"గెలిస్తే ఎక్కుతారు."

"ఫర్లేదైతే."

మనవరాలు ఊరుకోలేదు. "అంత గట్టి లీగైతే యూరప్ కప్పు ప్రతి ఏడాదీ మీవాళ్ళే తేవాలిగా బావా? స్పెయిన్ వాళ్ళు ఎన్నిసార్లు తెచ్చారో చూసుకో."

"కప్పు తెచ్చేది ఒక్క జట్టు. లీగంటే అన్ని జట్లూ. మా దాంట్లో ఆఖరి జట్టు కూడా మొదటిదాన్ని ఓడిస్తుంది. మీ జర్మనీలో ఏముంది? ఒకటే జట్టు కప్పు ఎత్తుకెళ్తుంది, మిగతావాళ్ళు చప్పట్లు కొడతారు."

"ఆ మధ్య వేరేవాళ్ళు గెలిచారు!"

"ఒక్క ఏడాది!"

"గోల్స్ ఎక్కడ ఎక్కువ పడతాయో చూడు. ఏదో చూసినట్టు చెప్తావ్."

"నువ్వు చూస్తున్నావా? మంగళవారం మంగళవారం ప్రాక్టీసు ఎగ్గొట్టి నాయనమ్మతో దోసెల కబుర్లు చెప్పుకునేదానివి, నీకెందుకే లీగులు?"

మనవరాలి బొమ్మ తెర మీంచి మాయమైంది. మనవడు నాలిక కరుచుకున్నాడు.

"నోరు జారింది నాయనమ్మా," అన్నాడు.

"జారితే జారింది గానీ మిగతాది కూడా చెప్పు."

చెప్పాడు. అక్కడ వాళ్ళ ఊరి క్లబ్బులో అమ్మాయిల జట్లు రెండున్నాయి. మనవరాలిని మొదటి జట్టులో తీసుకున్నారు. నాలుగు ఆటల తర్వాత రెండో జట్టుకి దింపారు. అక్కడ కూడా ఎక్కువసేపు బెంచీ మీదే. మే నెలాఖరుకి సీజన్ అయిపోతుంది. వచ్చే ఏడాది ఆడతావా, మానేస్తావా అని కోచ్ మేడమ్ అందర్నీ అడిగింది, ఆలోపు చెప్పమంది. మానేస్తానని చెప్పడానికి మనవరాలు నిశ్చయించుకుంది. వీడికి తప్ప ఎవరికీ చెప్పలేదు, వాళ్ళమ్మకి కూడా తెలియదు.

ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఎందుకంటే ఆ పిల్ల ఆడగా చూసినదాన్ని నేను. వాళ్ళు జర్మనీ వెళ్ళకముందు మా అమ్మాయి బెంజ్ సర్కిల్ దగ్గర ఆస్పత్రిలో పనిచేసేది, ఆటోనగర్ పక్కన అద్దెకుండేవాళ్ళు. శనివారం నేను మంగళగిరిలో బస్సెక్కి వెళ్ళేదాన్ని. వాళ్ళింటి వెనక, లారీలకి బాడీలు కట్టే షెడ్లకి ఆనుకుని ఒక ఖాళీ జాగా. నేలంతా కంకర. ఒక పక్క వెల్డింగు మెరుపులు, ఇంకో పక్క ఈ పిల్లల కేకలు. పది మంది మగపిల్లల మధ్య ఇదొక్కతే ఆడపిల్ల. మోకాళ్ళ నిండా దెబ్బలే. ప్రహరీ మీద కూర్చుని, "ఒసేయ్, నెమ్మదే!" అని నేను, "ఆంటీ, దాన్ని ఆగమనండి, మాకు బంతే ఇవ్వట్లేదు!" అని వాళ్ళు. అలాంటి పిల్ల బెంచీ మీద కూర్చుందంటే నాకు మింగుడు పడలేదు.

ఆడమని చెప్తే ఆడే రకం కాదు, వాళ్ళమ్మ పోలిక. ఏదైనా చెప్పాలంటే ముందు నాకా ఆట తెలియాలి. మనవడికి ఫోన్ చేసి, "నా టీవీలో ఆ లీగులన్నీ వచ్చేట్టు చెయ్యి. ఏది గట్టిదో నేను చూసి చెప్తాను," అన్నాను. వాడు అరగంట సేపు ఫోన్లోనే, "ఎర్ర బటన్ కాదు నాయనమ్మా, దాని పక్కది," అంటూ పెట్టించాడు.

శని, ఆదివారాలు సాయంత్రం పూట వచ్చేవన్నీ చూశాను. పొద్దుపోయాక వచ్చేవి వదిలేశాను, నాకు పదింటికి నిద్ర ముంచుకొస్తుంది.

క్లబ్బుల పేర్లు నా నోటికి రావు. తెర మూలన మూడేసి ఇంగ్లీషు అక్షరాలు వేస్తారు, అవి నా కంటికి ఆనవు. రంగులు మాత్రం ఆనుతాయి. మీ తాతయ్య నూలుకి రంగులద్దే పని చేసేవారు. ఆకుపచ్చల్లో పద్నాలుగు రకాలు దూరం నుంచి చెప్పగలను నేను. అందుకని ఒక లావుపాటి నోట్‌బుక్ తీసి, ఒక్కో దేశానికి కొన్ని పేజీలు కేటాయించి, ఒక్కో జట్టు చొక్కా రంగు నూలు పోగు వెతికి అంటించాను. గెలిస్తే దాని పక్కన నిలువు గీత, ఓడితే అడ్డగీత, ఎటూ తేలకపోతే చుక్క. ఇంట్లో నూలు కట్టలు, చిలపలంటాం మేము, బోలెడు పడి ఉన్నాయి. లేని రంగులు పక్కవీధి మగ్గాల దగ్గర అడిగి తెచ్చుకున్నాను. "ఏం పిన్నీ, కొత్త చీరకి రంగులు కుదురుస్తున్నావా?" అన్నారు. "కాదురా, ఇటలీకి ఊదారంగు కావాలి," అన్నాను. నావైపు ఒక చూపు చూసి ఇచ్చారు.

చూడగా చూడగా తేడాలు తెలిశాయి. ఇంగ్లాండు వాళ్ళది ఒకటే పరుగు, మగ్గంలో నాడె అటూ ఇటూ కొట్టినట్టు ఊపిరి సలపనివ్వరు. స్పెయిన్ వాళ్ళు తొందరపడరు, బంతిని చిన్న చిన్న గళ్ళు నేసినట్టు ఒకరి కాలి నుంచి ఒకరి కాలికి జరుపుతారు. ఇటలీ వాళ్ళది చిక్కటి నేత, సూది దూరే సందు కూడా ఇవ్వరు. చూసేవాళ్ళకి కాస్త విసుగే. జర్మనీ వాళ్ళు తలుపులన్నీ బార్లా తీసుకుని ఆడతారు, ఇటు పడతాయి గోల్స్, అటు పడతాయి. వారం మధ్యలో ఈ దేశం క్లబ్బు ఆ దేశం క్లబ్బుతో ఆడే కప్పు కూడా ఉంది. అది మర్నాడు పొద్దున మనవడు చెప్తే రాసుకునేదాన్ని. రంగు నిలుస్తుందో లేదో బట్ట నీళ్ళలో పడితేనే కదా తెలిసేది.

ఏది గట్టిదో తేల్చడానికి నాకు తెలిసిన పద్ధతి ఒకటే. చీరల కట్ట కొనేటప్పుడు పైచీర చూసి బేరం చెయ్యకూడదు. పైన ఎప్పుడూ మంచిదే పెడతారు. కట్ట మధ్యలోంచి ఒకటి లాగి చూడాలి. అలాగే ప్రతి లీగులోనూ మధ్యలో ఉన్న జట్లు చూశాను. మూడు నెలల తర్వాత ఒక ఆదివారం, తీర్పు చెప్తాను రమ్మని ఇద్దరికీ కబురు పెట్టాను. మనవరాలు ఆ గొడవ తర్వాత ఆదివారాలు రావడం మానేసింది. మంగళవారం ఫోన్లు మాత్రం ఆపలేదు. నేనూ ప్రాక్టీసు ఊసెత్తలేదు. "నువ్వు లేకపోతే మీ బావకి ఎదురు చెప్పేవాళ్ళుండరే," అంటే వచ్చింది.

"పైచీర చూస్తే స్పెయిన్," అన్నాను పుస్తకం ముందు పెట్టుకుని. "మధ్యచీర చూస్తే ఇంగ్లాండు. ఇటలీది గట్టి నేతే గానీ మెరుపు తక్కువ. జర్మనీ నాలుగోది."

"అదీ!" అని మనవడు ఎగిరాడు.

"ఎందుకు నాలుగు?" అంది మనవరాలు ముఖం ముడుచుకుని.

"ఎందుకంటే మరీ నాసి జట్లున్నాయే అమ్మలూ. ఆకుపచ్చ వాళ్ళు పులులు, నేను కాదనను. కానీ ఆ లేత గులాబి వాళ్ళున్నారు చూడు, ఒక్క ఆట గెలిస్తే ఒట్టు. బూడిదరంగు వాళ్ళూ అంతే. ఇరవై ఆరు జట్లుంటే అందులో సగం ఇలాంటివే."

"ఇరవై ఆరేంటి నాయనమ్మా?" అన్నాడు మనవడు. "జర్మనీలో పద్దెనిమిదేగా."

"లెక్క పెట్టుకో కావాలంటే. ఇవిగో పోగులు."

పుస్తకాన్ని ఫోనుకి చూపించాను. మనవరాలు తెరకి ముక్కు ఆనించి చూసింది. ఆకుపచ్చ పోగు చూసింది, లేత గులాబి పోగు చూసింది. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. ఆటోనగర్ ప్రహరీ మీద కూర్చున్నప్పుడు విన్న నవ్వు. కుర్చీలోంచి పడిపోయి, కనపడకుండా పోయి, కింద నుంచి నవ్వుతోంది.

"అమ్మమ్మా! ఆ రెండూ ఒకే జట్టు! వేరే ఊరు వెళ్ళినప్పుడు రంగులు కలిసిపోకుండా చొక్కా మారుస్తారు!"

మనవడు తల పట్టుకున్నాడు. "ఇంగ్లాండుకి ఎన్నొచ్చాయి నాయనమ్మా?"

"ముప్ఫై ఒకటి," అన్నాను చిన్నగా.

వాళ్ళిద్దరూ చాలా రోజుల తర్వాత కలిసి నవ్వారు. నా మూడు నెలల కష్టం పోతే పోయిందనిపించింది.

మర్నాడు పుస్తకం సరిచేయడానికి కూర్చున్నాను. మనవరాలు మొబైల్లో ఏ రెండు రంగులు ఒకే జట్టువో రాసి పంపింది. ఒక్కో జట్టు రెండు పోగులూ పీకి, కలిపి పురి పెట్టి, మళ్ళీ అంటించాను. రెండు వరసల గీతలూ పక్కపక్కన రాశాను. అప్పుడు కనపడింది. ఆకుపచ్చకి నిలువు గీతలు బారుగా ఉన్నాయి, లేత గులాబికి అన్నీ అడ్డగీతలు. ఆటగాళ్ళు వాళ్ళే, నేర్పించేవాడు వాడే. ఇంగ్లాండు పేజీ తిప్పాను, చాలా జట్లకి అదే వరస. స్పెయిన్, ఇటలీ అంతే. పైచీరలాంటి జట్లు కూడా వేరే ఊళ్ళో తడబడ్డాయి.

మంగళవారం దోసె పోస్తూ మనవరాలికి ఆ పేజీ చూపించాను.

"తెలుసు అమ్మమ్మా. వేరే ఊళ్ళో ఆడ్డం కష్టం."

"నాకూ తెలుసు," అన్నాను. "నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు తెలిసింది."

అప్పటిదాకా మీకెవరికీ చెప్పని సంగతి దానికి చెప్పాను. మా పుట్టిల్లు పెడన. మా నాన్న మగ్గం మీద నా నేతకి వంక పెట్టినవాళ్ళు లేరు. పెళ్ళయి మంగళగిరి వచ్చాక అత్తారి మగ్గమెక్కాను. గుంట మగ్గం, కాళ్ళు గుంటలోకి వదిలి కింద చెక్కలు తొక్కాలి. మొదటి మూడు రోజులూ పోగు తెగని గంట లేదు. బట్ట ఒకచోట చిక్కగా, ఒకచోట జల్లెడలా వచ్చింది. మా అత్తగారు చూసి, "కొన్నాళ్ళు కండెలు చుట్టమ్మా," అన్నారు. నాడెలో పెట్టే కండెలకి నూలు చుట్టడం పిల్లలు చేసే పని. రెండు నెలలు చుట్టాను. నా చేతిలో పనితనం పోయిందని, అది పెడనలోనే ఉండిపోయిందని ఏడ్చేదాన్ని.

"నిన్ను బెంచీ మీద కూర్చోబెట్టారన్నమాట," అంది మనవరాలు.

"అంతేగా. ఒకరోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరని మళ్ళీ మగ్గం మీద కూర్చున్నాను. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారని నాకు తెలీదు. తెల్లారేసరికి గుంట అడుగున రెండు ఇటుకలేసి, చెక్క పైకి లేపించి పెట్టారు. 'కాళ్ళు అందట్లేదని చెప్పొద్దూ?' అన్నారు. 'కొత్త కోడల్ని, ఎట్టా చెప్తానత్తయ్యా?' అన్నాను. ఆ ఇంట్లో అందరూ పొడుగు, గుంట లోతు. నేను మునివేళ్ళతో తొక్కుతున్నాను, అదీ సంగతి."

దోసె తిరగేసి మనవరాలిని అడిగాను.

"నీ కాలికేం అందట్లేదే అమ్మలూ?"

ఏమీ లేదు అంటుందనుకున్నాను. చాలాసేపు గోరు కొరుక్కుంది. "బంతి లేవట్లేదు అమ్మమ్మా," అంది.

కంకర నేల మీద బంతి పడితే మోకాలెత్తు లేస్తుంది. మనవరాలు ఆట నేర్చుకుంది ఆటోనగర్ కంకర మీదే. బంతి పడగానే ఒక్క క్షణం ఆగి, లేచాక అందుకుంటుంది. జర్మనీలో తడి గడ్డి. బంతి లేవదు, పాకుతూ పోతుంది. ఇది లేస్తుందని ఆగేలోపు అవతలి పిల్ల తన్నుకుపోతుంది. కోచ్ మేడమ్ గబగబా ఏదో అరుస్తుంది, అది అర్థమయ్యేలోపు ఆట ఇంకో మూలకి పోతుంది. ఇన్నాళ్ళూ తాను బలహీనురాలిననే అనుకుంది తప్ప, ఇది ఎవరికీ చెప్పలేదు.

నాకు ఫుట్‌బాల్ ఇటుకలు ఎలా పెట్టాలో తెలియదు. మనవడికి చెప్పాను. వాడు వెంటనే దానికి ఫోన్ కలిపి తిట్టాడు. "ఒసేయ్ మొద్దూ, మొదట్నుంచీ చెప్పవేం? జూన్ వస్తే మా గ్రౌండంతా బురదే. ఇక్కడ బంతి లేచిందెప్పుడు? ఆగకూడదే, నువ్వే రెండడుగులు ఎదురెళ్ళాలి." చెప్పి ఊరుకోలేదు. ఎండాకాలంలో బురద ఎక్కడిదని, అపార్ట్‌మెంట్ వెనక గడ్డి మీద నాలుగు బకెట్లు నీళ్ళు పోసి, ఎలా ఎదురెళ్ళాలో వీడియో తీయించుకున్నాడు. రెండుసార్లు బాగానే చేశాడు. మూడోసారి కాలు జారి వెల్లకిలా పడ్డాడు. వెనక వాచ్‌మన్ మలయాళంలో తిట్టడం వినపడుతోంది. అది కూడా కోసెయ్యకుండా పంపాడు. మనవరాలు ఆ పడే ముక్క పదిసార్లు చూశానని చెప్పింది.

తర్వాతి మంగళవారం ఫోను రాదనుకున్నాను. వచ్చింది. "ప్రాక్టీసేదే?" "వెళ్ళలేదు." దోసె వేశాను, వేరే కబుర్లు చెప్పుకున్నాం. ఆ పై మంగళవారం కూడా వచ్చింది. "భయమేస్తోంది అమ్మమ్మా, ఇన్ని రోజులు మానేసి ఇప్పుడెలా వెళ్ళను?" అంది. "రెండు నెలలు కండెలు చుట్టి నేనెక్కలేదా మగ్గం?" అన్నాను.

మూడో మంగళవారం ఫోను రాలేదు. ఉప్పు డబ్బాకి ఆనించిన ఫోను వంక చూస్తూ నిలబడ్డాను. దోసె నల్లగా మాడింది. మాడు వాసన ముక్కుకి తగిలేదాకా నాకు తెలియలేదు. పెనం కడుక్కుంటూ నవ్వుకున్నాను.

మే నెల మూడో శనివారం కూతురు గ్రౌండు నుంచే వీడియో కాల్ చేసి ఆట చూపించింది. పిల్ల వాళ్ళమ్మకి అన్నీ చెప్పేసుకుందట. రెండో జట్టుకి పక్క ఊళ్ళో ఆట. వీళ్ళ సొంత చొక్కా ముదురు నీలం, ఆ రోజు పసుపు వేసుకున్నారు. ఆ గడ్డి మీద సన్నగా వాన. ఇక్కడ మంగళగిరిలో ఎండకి కాకి కూడా బయటికి రాని రోజు. మనవరాలు చాలాసేపు బెంచీ మీదే ఉంది. ఆఖర్న ఇరవై నిమిషాలున్నాయనగా లేపారు.

ఏదో అద్భుతం జరిగిందని రాస్తే మీరిద్దరూ నన్ను ఆడిపోసుకుంటారు. వాళ్ళు ఓడిపోయారు. మనవరాలు ఒకసారి పడింది, రెండుసార్లు బంతి పోగొట్టుకుంది. కానీ ఒకసారి ఎవరో దూరం నుంచి తన్నిన బంతి గడ్డి మీద పాకుతూ వచ్చింది. ఇది ఆగలేదు. ఒకటి, రెండు, అడుగులేసి ఎదురెళ్ళింది. కాలితో ఆపి, తలెత్తి చూసి, పక్క పిల్లకి అందించింది. ఆ పిల్ల గోలు మీదుగా తన్నేసింది. అంతే జరిగింది. "చూశావా! చూశావా!" అని నేను పెట్టిన కేకకి పక్కింట్లో మగ్గం చప్పుడు ఆగింది. "ఏమైంది పిన్నీ?" అని కిటికీలోంచి అడిగారు. ఏమైందో వాళ్ళకెలా చెప్పను?

మర్నాడు ఆదివారం ముగ్గురం మాట్లాడుకున్నాం.

"ఓడిపోయి కూడా ఇకిలిస్తుంది చూడు నాయనమ్మా," అన్నాడు మనవడు.

"నీలాగా వెల్లకిలా పడలేదుగా బావా," అంది మనవరాలు.

"సర్లే. నాయనమ్మా, పుస్తకం సరిచేశావుగా, ఇప్పుడు చెప్పు. గట్టి లీగేది?"

"ఇంకో ఏడాది చూడాలిరా. ఈసారి పోగులు పురిపెట్టి మొదలుపెడతాను. ఇంగ్లాండే అనుకుంటున్నాను గానీ, జర్మనీని నాలుగు నుంచి పైకి జరిపాను."

"అన్యాయం! నీ మనవరాలు ఆడిందనా?"

"కాదురా. లేత గులాబి జట్టు ఒకటి తగ్గిందిగా."

జర్మనీ పేజీ అడుగున, పెద్ద క్లబ్బులన్నిటి కింద, ముదురు నీలం పోగూ పసుపు పోగూ కలిపి పురిపెట్టి అంటించి ఉంచాను. పక్కన ఒక అడ్డగీత ఉంది. దాన్ని ఫోనుకి చూపించాను. మనవరాలు తెర దగ్గరికి జరిగి చూసింది.

"కోచ్‌కి చెప్పేశాను అమ్మమ్మా. వచ్చే ఏడాది కూడా ఆడతానని."

"మంచిది అమ్మలూ."

"ఇక మంగళవారాలు ఫోన్ చెయ్యడం కుదరదు. గురువారాలు కూడా ప్రాక్టీసు పెట్టారు."

"చెయ్యకే తల్లీ," అన్నాను. "ఫోను కోసం ఎదురుచూడకపోతే నా దోసెలు కూడా మాడకుండా వస్తాయి."